రోడ్డు కట్ట వెనుక క్రీకు: మడ అడవిలో పీతలు తగ్గిన తీరుపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక చిన్న నదీముఖంలోని మడ అడవికి సంబంధించినది. నది నుంచి చీలిన ఒక క్రీకు అడవి మధ్యగా సాగి, పైకొసన ఉన్న చవిటి నేలలో కలిసిపోతుంది. కొన్నేళ్ల క్రితం ఆ క్రీకుకు అడ్డంగా ఒక రోడ్డు కట్ట వేసి, నీళ్ల రాకపోకల కోసం దాని అడుగున రెండు సిమెంటు తూములు పెట్టారు. కట్టకు సముద్రం వైపున అడవి ఎప్పటిలాగే ఉండగా, వెనుక భాగంలో పీతలు పడటం లేదని వేటగాళ్లు చెప్పసాగారు. ఇది వేట ఎక్కువై జరిగిన నష్టమా, నీటిలోనో నేలలోనో వచ్చిన మార్పు వల్ల జరిగినదా తేల్చమని మా బృందాన్ని అడిగారు. మేము మొదట ఇచ్చిన జవాబు తప్పు. ఆ తప్పు ఎలా జరిగిందో, దాన్ని ఎలా దిద్దుకున్నామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మడ అడవుల్లో పీతలను లెక్కించే చాలామంది అదే పద్ధతిని నమ్ముకొని పనిచేస్తున్నారు.

మొదటి సర్వేలో మేము బొరియలను లెక్కపెట్టాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చట్రాన్ని పాటు వేళ బురద మీద పరచి, అందులో కనబడే బొరియల నోళ్లను లెక్కించి, కట్టకు రెండు వైపులా వచ్చిన లెక్కలను పోల్చాం. రెండు వైపులా బొరియల సాంద్రత ఇంచుమించు సమానంగా వచ్చింది. కొన్ని చోట్ల కట్ట వెనుకే ఎక్కువగా ఉంది. దాన్నిబట్టి పీతల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదని, వేటగాళ్లు చెబుతున్న తరుగుదల వాళ్లు బుట్టల్లో పట్టే మండపీతకు మాత్రమే పరిమితమని, కాబట్టి వేట ఒత్తిడినే ప్రధాన కారణంగా అనుమానించాలని రాశాం.

ఆ నివేదిక చదివి వినిపించినప్పుడు, చాలాకాలంగా ఆ క్రీకులో గేలాలు, బుట్టలు వేస్తున్న ఒక పెద్దాయన ఒక మాట అన్నారు: "పెద్దవి అప్పుడప్పుడూ పడుతూనే ఉన్నాయండి. పిల్లలే లేవు." ఆ మాటతో మా వాదన నిలబడలేదు. వేట మితిమీరితే ముందుగా మాయమయ్యేవి పెద్ద పీతలు. చిన్నవి బుట్టల్లో మిగులుతాయి, సగటు పరిమాణం ఏటేటా పడిపోతుంది. ఇక్కడ కనబడుతున్నది అందుకు పూర్తిగా విరుద్ధం. పాత తరం మిగిలి ఉంది, కొత్త తరం చేరడం ఆగిపోయింది. ఇది పట్టుకోవడం వల్ల వచ్చిన లోటులా లేదు, రాకపోవడం వల్ల వచ్చిన లోటులా ఉంది.

రెండో విడతలో బొరియలను పక్కనపెట్టి, బొరియల్లో ఎవరు ఉంటున్నారో చూడటం మొదలుపెట్టాం. మడ అడవి పీతల్లో మనం పట్టించుకోవలసినవి ప్రధానంగా మూడు గుంపులు. ఒకటి, రాలిన ఆకులను, మొలక కాయలను తినే సెసార్మిడ్ కుటుంబపు పీతలు. వీటికి నీడ, తడి, ఆకు మూడూ కావాలి. రెండు, ఫిడ్లర్ పీతలు. మగదానికి ఒక ముందుకాలు ఒంటికి మించినంత పెద్దదిగా ఉంటుంది, ఎండ పడే మెత్తటి బురద మీద పెరిగే సూక్ష్మ శైవలాలే, అంటే కంటికి ఆనని నాచే, వీటి తిండి. మూడు, క్రీకు నీళ్లలో వేటాడే మండపీత, అంటే స్కిల్లా ప్రజాతి. ఒకే అడవిలో ఉన్నా ఈ మూడింటి అవసరాలు వేరు, ఒకదానికి మేలు చేసే మార్పు మరొకదానికి చేటు కావచ్చు. మూడింటినీ కలిపి ఒకే అంకెగా చెబితే ఒకదాని నష్టం మరొకదాని పెరుగుదలలో కలిసిపోతుంది. మా మొదటి నివేదికలో జరిగింది అదే.

కట్ట వెనుక ఒక చట్రం పక్కన కదలకుండా కూర్చుని బైనాక్యులర్స్‌తో చూస్తే సంగతి అర్థమైంది. కాసేపటికి ఒక్కొక్క బొరియ నుంచి ఫిడ్లర్ పీతలు బయటికి వచ్చాయి. చిన్న ముందుకాలితో బురదను నోటికి అందించుకొని, అందులోని తిండిని వేరుచేసుకొని, పనికిరాని మట్టిని గుండ్రటి చిన్న ఉండలుగా పక్కన పెట్టుకుంటూ సాగాయి. గంట గడిచేసరికి ప్రతి బొరియ చుట్టూ ఆ ఉండలు వరుసలుగా పేరుకున్నాయి. ఆ గంటసేపూ మూడు అడుగుల దూరంలోనే తెల్లమడ నుంచి రాలిన పసుపుపచ్చ ఆకులు కొన్ని పడి ఉన్నాయి. వాటిని ఏ పీతా ముట్టుకోలేదు. కట్టకు అవతలివైపు అదే పని చేస్తే, రాలిన ఆకును బొరియ నోటి దాకా ఈడ్చుకుపోయి, కాడను ముందుగా లోపలికి దూర్చి, ఆకును చుట్టచుట్టినట్లు లాక్కునే సెసార్మిడ్ పీతలు కనిపించాయి.

కంటికి కనిపించినదాన్ని కొలతగా మార్చడానికి ఆకులకు దారం కట్టే పాత పద్ధతిని వాడాం. కొత్తగా రాలిన ఆకుల కాడలకు పొడవాటి నైలాన్ దారం కట్టి, ఒక ఆటుపోటు గడిచాక దారం ఎక్కడికి పోయిందో వెతుకుతాం. సముద్రం వైపున దారాలు చాలావరకు బొరియల్లోకి దిగి ఉన్నాయి. కట్ట వెనుక ఆకులు కట్టినచోటే నానుతున్నాయి. ఈ తేడా పీతల లెక్కకే పరిమితం కాదు. ఈశాన్య ఆస్ట్రేలియాలో రాబర్ట్‌సన్ 1986లో ప్రచురించిన పరిశీలనలో, రైజోఫోరా అనే మడ చెట్ల అడవిలో ఏడాదిలో రాలే ఆకుల్లో కనీసం 28 శాతాన్ని సెసార్మిడ్ పీతలు తీసుకుపోతున్నట్లు తేలింది; 1989లో ఆయన, డేనియల్ కలిసి చేసిన పనిలో సెరియాప్స్, బ్రుగియెరా అనే మరో రెండు రకాల మడ చెట్ల అడవుల్లో ఇది వరుసగా 71 శాతం, 79 శాతం. ఈ పీతలు లేకపోతే రాలిన ఆకు ఆటుపోట్లతో కొట్టుకుపోతుంది, లేదా కదలని నీళ్లలో కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తుంది. మా క్రీకులో రెండోది జరుగుతోంది.

ఈ దశలో వేట అనే అనుమానాన్ని పూర్తిగా తొలగించగలిగాం. సెసార్మిడ్ పీతలను అక్కడ ఎవరూ పట్టరు. ఎవరూ పట్టని పీత, పట్టే పీతతోపాటే, అదే కట్టకు లోపలివైపున తగ్గిపోయిందంటే కారణం బుట్టల్లో ఉండటానికి వీల్లేదు. జబ్బు సంగతి కూడా ఆలోచించాం. బ్రెజిల్‌లో 1997 నుంచి ఉసిడెస్ కార్డేటస్ అనే మడ పీత పెద్దయెత్తున చనిపోయింది. మందకొడితనంగా మొదలయ్యే ఆ జబ్బుకు ఎక్సోఫియాలా అనే శిలీంధ్రం కారణమని తర్వాత తేలింది. అటువంటి జబ్బులో కదల్లేని పీతలు, చచ్చిన పీతలు బొరియల బయట కుప్పలుగా కనబడతాయి. మా దగ్గర శవాలు లేవు, వాసన లేదు, వేటగాళ్లెవరికీ అటువంటి జ్ఞాపకమూ లేదు. మురుగునీరు చేరే దారి కూడా ఆ క్రీకుకు లేదు. మిగిలినది నీటి రాకపోకలు.

తూముల అడుగు క్రీకు అడుగుకన్నా ఎత్తులో ఉందని మేము అప్పటిదాకా గమనించలేదు. చూసే కంటికి అది చిన్న విషయం. కానీ దాని ఫలితం రెండు విధాలుగా ఉంటుంది. పోటు వేళ నీరు ఇరుకు తూముల్లోంచి మెల్లగా చేరుతుంది కాబట్టి, లోపల నిండేలోపే బయట పోటు తిరిగిపోతుంది; పైకొస నేలకు అమావాస్య, పౌర్ణమి పోట్లు కూడా అందవు. పాటు వేళ తూము అడుగుకు కిందున్న నీరు బయటికి పోలేదు. క్రీకు అంచుల్లోని పల్లపు నేల ఎప్పుడూ మునిగే ఉంటుంది. అంటే ఒకే కట్ట వల్ల పైభాగం ఎండిపోయింది, కిందిభాగం మురిగిపోయింది. ఆటుపోట్ల ఎత్తును కొలిచే రెండు స్కేళ్లను కట్టకు చెరొకవైపు పాతి, ఒక పక్షం రోజులపాటు చూశాక ఈ లెక్క స్పష్టమైంది. మొదటి సర్వేలోనే ఈ పని చేసి ఉండవలసింది.

పైభాగంలో బురదలోపలి నీటి ఉప్పును రిఫ్రాక్టోమీటరుతో కొలిచాం. సముద్రపు నీటిలో ఉప్పు సుమారుగా వెయ్యికి 35 పాళ్లు. పోటు అందని చవిటి నేలలో ఎండాకాలంలో ఆవిరి వల్ల ఇది రెట్టింపును దాటడం అసాధారణమేమీ కాదు, మా పైకొసలోనూ అదే ధోరణి కనిపించింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చాలా నివేదికల్లో ఏడాది సగటు ఉప్పును రాసి, అది పీత తట్టుకోగల పరిధిలోనే ఉందని తేల్చేస్తారు. సగటు ఏ పీతనూ చంపదు, బతికించదు. సెసార్మిడ్, ఫిడ్లర్ పీతలు పెద్దయ్యాక ఉప్పులో హెచ్చుతగ్గులను బాగానే తట్టుకుంటాయి. వాటిని కుంగదీసేది ఎంతకాలం నీరు అందలేదు, గుల్ల విడిచే రోజుల్లో తడి ఉందా, బొరియ అడుగున నీరు నిలిచిందా అన్న సంగతులు. 2015 చివర, 2016 మొదట్లో ఆస్ట్రేలియాలోని కార్పెంటేరియా సింధుశాఖ వెంట సుమారు 1000 కిలోమీటర్ల తీరంలో, దాదాపు 7400 హెక్టార్ల మడ చెట్లు ఎండిపోయాయి. ఎల్‌నినో కాలంలో సముద్రమట్టం తాత్కాలికంగా పడిపోయి, పోట్లు ఎగువ నేలకు అందకపోవడమూ అందుకు ప్రధాన కారణాల్లో ఒకటని పరిశోధకులు చెప్పారు. మా పైకొసలో కట్ట చేసిన పని, చిన్న పరిమాణంలో, అటువంటిదే.

కిందిభాగంలో కథ వేరు. ఎప్పుడూ మునిగి ఉండే బురదలో ఆక్సిజన్ అయిపోయి, సల్ఫేటును వాడుకునే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తుంది. కాలు దిగగానే నల్లటి బురద, కుళ్లిన గుడ్ల వాసన. సెసార్మిడ్ పీతల ఊపిరి గురించి ఇక్కడ చెప్పాలి. వీటి నోటికి ఇరుపక్కలా గుల్ల మీద వెంట్రుకలు వలలాగా అల్లుకొని ఉంటాయి. మొప్పల గదిలోంచి బయటికి వచ్చిన నీరు ఆ వల మీదుగా పలుచని పొరలా పారి, గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకొని, మళ్లీ మొప్పల గదిలోకే చేరుతుంది. గుప్పెడు నీళ్లతో గంటల తరబడి నేల మీద తిరిగేందుకు కుదిరిన అమరిక ఇది, కానీ దాన్ని వాడుకోవాలంటే పాటు రావాలి, నేల బయటపడాలి. పాటు రాని నేలలో ఈ పీతకు మేత వేళే లేకుండా పోతుంది.

పీతలు తగ్గితే నేల మరింత చెడుతుంది. ఈ రెండో మెలికే నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. స్మిత్, ఆయన సహచరులు 1991లో ప్రచురించిన ప్రయోగంలో, మడ అడవిలోని కొన్ని గడుల నుంచి పీతలను తొలగించి ఏడాదిపాటు చూస్తే, ఆ నేలలో సల్ఫైడ్, అమ్మోనియం పెరిగాయి, చెట్ల ఎదుగుదల, కాయల ఉత్పత్తి తగ్గాయి. బొరియ అంటే పీత ఇల్లు మాత్రమే కాదు, ప్రతి పోటుకూ కొత్త నీటిని, గాలిని లోతుకు దించే గొట్టం కూడా. బొరియలు పూడిపోతే వేళ్లకు ఊపిరి తగ్గుతుంది. చెట్లు పలచబడితే నీడ పోతుంది. నీడ పోయిన బురద మీద ఎండ పడి శైవలం పెరిగి, నీరు నిలవని గట్ల మీద ఫిడ్లర్ పీతలు చేరతాయి. మేము మొదటిసారి లెక్కించి సంతోషించిన బొరియలు ఇలా వచ్చినవే. అవి అడవి దెబ్బతిన్నదనడానికి గుర్తులు, మేము వాటిని ఆరోగ్యానికి గుర్తులుగా చదివాం. ఫిడ్లర్ బొరియలు కూడా నేలకు మేలే చేస్తాయి, కాకపోతే అవి ఆకును పాతిపెట్టవు.

ఇక పిల్లలు ఎందుకు లేవన్న అసలు ప్రశ్న. దీనికి జవాబు క్రీకులో దొరకదు, సముద్రంలో వెతకాలి. గుడ్లు మోసే ఆడ మండపీత నదీముఖాన్ని విడిచి సముద్రంలోకి పోతుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో తీరానికి 95 కిలోమీటర్ల దూరం దాకా గుడ్ల పీతలు దొరికినట్లు హిల్ 1994లో రాశారు. గుడ్డు నుంచి వెలువడిన డింభకం, అంటే ఇంకా పీత రూపం రాని పిల్ల, జోయియా అనే అయిదు దశలను, ఆపై మెగలోపా అనే చివరి దశను దాటి, సుమారు నెల తర్వాత పీత రూపానికి వస్తుంది. పెద్ద మండపీత దాదాపు మంచినీటిలోనూ, సముద్రాన్ని మించిన ఉప్పులోనూ కొంతకాలం నెగ్గుకురాగలదు. డింభకానికి ఆ శక్తి లేదు. దక్షిణాఫ్రికాలో హిల్ 1974లో ప్రచురించిన పరీక్షల్లో ఉప్పు వెయ్యికి 17.5 పాళ్లకన్నా తగ్గినప్పుడు జోయియాలు గణనీయంగా చనిపోయాయి. ఇటువంటి పాత అంకెలను వాడేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: 1998లో కీనన్, డేవీ, మాన్ ఈ ప్రజాతిని నాలుగు జాతులుగా విడదీసే వరకు చాలాచోట్ల అన్నిటినీ సెరాటా అనే పేరుతోనే రాసేవారు. కాబట్టి ఒక తీరపు అంకెను మరో తీరపు పీతకు అలాగే అంటగట్టకూడదు.

సెసార్మిడ్, ఫిడ్లర్ పీతలు అంత దూరం పోవు. అవి నదీముఖంలోనే, సాధారణంగా రాత్రివేళ పెద్ద పోటు తిరిగే సమయాన డింభకాలను నీళ్లలో విదిలిస్తాయి. పాటు వాటిని సముద్రం వైపు లాక్కుపోతుంది. చేపలకు చిక్కే అవకాశం చీకట్లో తక్కువ, దూరం పోయే వేగం పెద్ద పాటుకు ఎక్కువ. తర్వాత మెగలోపాలు రాత్రి పోటుతో తిరిగి లోపలికి వస్తాయి, తమ జాతి పెద్ద పీతలు ఉన్న బురద వాసన దొరికితే త్వరగా రూపం మార్చుకొని స్థిరపడతాయని ఫిడ్లర్ పీతల మీద చేసిన పరీక్షలు చెబుతున్నాయి. ఈ ప్రయాణాన్ని మా తూముల దగ్గర పెట్టి చూడండి. పోయేటప్పుడు పాటుకు బలం లేదు. వానాకాలంలో వెనుక నిలిచిన నీటిలో ఉప్పు పడిపోయి ఉంటుంది, అందులోనే చిక్కిన డింభకాలు బతకవు. వచ్చేటప్పుడు పోటు నీరు సన్నటి ధారగా తప్ప లోపలికి రాదు. వచ్చిన కొద్దిపాటి మెగలోపాలకూ నిలబడేందుకు చుట్టూ పెద్దపీతలు తక్కువ. పెద్దపీతలు తమ ఆయుష్షు మేరకు నిలిచి, ఒక్కొక్కటిగా పోతుంటే, ఆ ఖాళీ నిండకుండా మిగిలిపోయింది. కట్ట వేసిన ఏడాదే పీతలు మాయం కాకపోవడానికి, దానిమీద ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఈ జాప్యమే.

వరదలను కూడా కారణంగా కొందరు చూపారు. అందుకే కట్టకు బయట, అదే నది మీదున్న మరో క్రీకును పోలిక కోసం తీసుకున్నాం. ఒకే వరద రెండింటినీ తాకింది. తెరిచి ఉన్న క్రీకులో వరద తర్వాత చిన్న పీతలు తగ్గి, తరువాతి కాలానికి తిరిగి వచ్చాయి. మూసుకున్న క్రీకులో తగ్గినవి తగ్గినట్లే ఉన్నాయి. వరద ఈ పీతలకు కొత్తది కాదు. తిరిగి వచ్చే దారి లేకపోవడం కొత్తది.

సిఫారసు సూటిగానే రాశాం: తూముల స్థానంలో క్రీకు పూర్తి వెడల్పుకు సరిపడే వంతెన ఖాళీ ఉండాలి, దాని అడుగు క్రీకు సహజమైన అడుగుతో సమంగా ఉండాలి. దానికి బదులు మొలకలు నాటుదామని ఒక ప్రతిపాదన వచ్చింది. నీటి రాకపోకలు బాగుపడకుండా నాటితే అవి నిలబడవని చెప్పాం. నాటిన మొలకలను పీతలు తింటాయి కాబట్టి ముందు పీతలను తగ్గించాలన్న మాట కూడా ఆ చర్చలో వినబడింది. పీతలు మొలక కాయలను తినడం నిజమే. 1987లో స్మిత్ రాసిన పరిశీలనల్లో తెల్లమడ కాయలే ఎక్కువగా పీతల పాలయ్యాయి. అయినా ఆ అడవి ఆ పీతలతోనే పెరిగింది. మొలకల కోసం పీతలను చంపడం అంటే ఊపిరి గొట్టాలను పూడ్చి చెట్లను పెంచాలనుకోవడమే. నేను దాన్ని గట్టిగా వ్యతిరేకించాను, ఇప్పటికీ వ్యతిరేకిస్తాను.

వంతెన పూర్తయ్యాక మార్పులు వచ్చిన క్రమం గమనించదగ్గది. ముందుగా నీటి ఎత్తు మారింది. రెండు స్కేళ్ల మధ్య తేడా మొదటి పక్షంలోనే దాదాపు పోయింది. కొన్ని నెలలకు కిందిభాగంలో సల్ఫైడ్ వాసన పలచబడి, బొరియల గోడల చుట్టూ నల్లటి బురదలో తుప్పురంగు అంచు కనిపించసాగింది. గాలి లోపలికి దిగుతోందనడానికి అది కంటికి కనబడే గుర్తు. ఆ తర్వాతి కాలంలో క్రీకు అంచున గోరంత సెసార్మిడ్ పిల్లలు దొరికాయి. దారం కట్టిన ఆకులు మొదట అంచు దగ్గర, తర్వాత లోపలి చట్రాల్లో మాయం కావడం మొదలైంది. నీడ తిరిగి కమ్ముకున్న చోట ఫిడ్లర్ పీతలు తగ్గాయి. మొత్తం బొరియల లెక్క చూస్తే ఆ ఏడాది పరిస్థితి క్షీణించినట్లే కనబడుతుంది. అందుకే ఇప్పుడు మా పట్టికల్లో మొత్తం అనే గడి లేదు. జాతి, లింగం, గుల్ల వెడల్పు వేరువేరుగా రాస్తాం.

పైకొసలో మాత్రం ఒక మూల ఇంకా బాగుపడలేదు. కట్ట కోసం అక్కడి నుంచే బురద తవ్వి, మిగిలినదాన్ని పక్కన పోశారు. మడ బురదలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. తడిగా, గాలి తగలకుండా ఉన్నంతకాలం దానివల్ల ప్రమాదం లేదు. తవ్వి ఎండబెడితే అది ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. ఆ కుప్పల పగుళ్లలో అటువంటి ఆమ్ల నేలల్లో ఏర్పడే జారోసైట్ అనే ఖనిజపు లేత పసుపురంగు పూత కనబడింది, వాటి కిందున్న గుంటల నీటిలో పీహెచ్ నాలుగుకన్నా తక్కువగా ఉంది. సున్నంతో గుల్ల కట్టుకునే జీవికి అది ఉండదగిన చోటు కాదు. పోటు నీరు ఇప్పుడు అక్కడికి అందుతోంది, సముద్రపు నీటిలోని బైకార్బొనేటు ఆమ్లాన్ని కొంతకొంతగా విరుస్తోంది, కానీ ప్రతి తొలకరికీ కుప్పల నుంచి కొత్త ఆమ్లం దిగుతోంది. ఆ కుప్పలను తిరిగి నీటిమట్టం కిందికి చేర్చాలని రెండో సిఫారసు ఇచ్చాం, ఆ పని ఇంకా జరగవలసి ఉంది.

కిందటి పౌర్ణమి పాటుకు క్రీకు మధ్యభాగంలో ఉప్పుపొన్న ఊతవేళ్ల కింద చేత్తో తడిమితే, అగ్గిపెట్టె కన్నా చిన్నవైన మండపీత పిల్లలు తగిలాయి. మొదటి నివేదిక రోజున మా తప్పును పట్టుకున్న పెద్దాయన ఆ రోజు మాతోనే ఉన్నారు. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకొని, తిప్పి, కడుపు వైపు చూసి ఆడదని చెప్పి, వచ్చిన వేరు కిందికే తిరిగి వదిలారు. పైకొసలోని ఆ ఆమ్లపు మూల వైపు బొరియలు ఆ రోజుకూ ఖాళీగానే ఉన్నాయి.